బోర్డు మీద ఆప్టోలు ఉన్నాయి, ఐసొలేషన్ మాత్రం లేదు: ఒక ప్లాస్మా టేబుల్ కేసు

సీఎన్‌సీ ప్లాస్మా టేబుల్ (కంప్యూటర్ చెప్పినట్టు ప్లాస్మా ఆర్క్‌తో ఇనుప ప్లేట్లు కోసే మెషిన్) కొన్నవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఇది: "ఖాళీగా తిప్పితే బ్రహ్మాండంగా తిరుగుతుంది, టార్చ్ వెలిగిస్తేనే ఆగిపోతుంది." ఈ కేసు కూడా ఆ కోవలోదే. కారణం దొరికాక చూస్తే చాలా చిన్నది, కానీ దొరకకుండా దాక్కున్న తీరు మాత్రం చిన్నది కాదు, అందుకే పూర్తిగా రాస్తున్నాను. షాపు ఎవరిది, మెషిన్ ఏ కంపెనీది అన్నవి ఇక్కడ అనవసరం. అవి తీసేసినా కేసులో ఏమీ తగ్గదు.

మెషిన్ సంగతి

హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాబ్రికేషన్ షాపు. గేట్లు, బేస్ ప్లేట్లు, షెడ్ల గసెట్ ప్లేట్లు కోస్తారు. 1500 × 3000 మిల్లీమీటర్ల టేబుల్, స్థానికంగా కట్టించుకున్న గ్యాంట్రీ (టార్చ్‌ని మోసుకు తిరిగే ఫ్రేమ్), స్టెప్పర్ మోటార్లు, హెచ్‌ఎఫ్ (హై ఫ్రీక్వెన్సీ) స్టార్ట్ ఉన్న ప్లాస్మా సోర్స్, అంటే టార్చ్‌కి కరెంట్ ఇచ్చే యూనిట్. కంట్రోల్‌కి ప్యారలల్ పోర్ట్ ఉన్న పాత డెస్క్‌టాప్, అందులో మెషిన్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ మాక్3, ప్యానెల్‌లో ఆ పోర్ట్‌ని బయటి వైర్లకి కలిపే ఒక బ్రేకౌట్ బోర్డు. టార్చ్ ఎత్తు చూసుకోవడానికి విడిగా ఒక టీహెచ్‌సీ యూనిట్.

ప్యారలల్ పోర్ట్‌కి ఇన్‌పుట్ పిన్‌లు ఐదే: 10, 11, 12, 13, 15. ఇక్కడ టీహెచ్‌సీ అప్, టీహెచ్‌సీ డౌన్, ఆర్క్ ప్లేట్‌కి అందిందని చెప్పే ఆర్క్ ఓకే, ప్లేట్ తాకిందని చెప్పే ఫ్లోట్ సెన్సర్, ఈ నాలుగింటికి నాలుగు పోయాయి. మిగిలిన ఒక్క దాని మీదే గ్యాంట్రీ హద్దు దాటకుండా ఆపే లిమిట్ స్విచ్‌లన్నీ, ఎమర్జెన్సీ స్టాప్ బటన్‌తో సహా, సిరీస్‌లో వేసేశారు. తప్పేమీ కాదు, పిన్‌లు లేనప్పుడు అందరూ చేసేదే. కాకపోతే స్క్రీన్ మీద "లిమిట్ పడింది" అని వచ్చినప్పుడు పడింది ఏ స్విచ్చో, అసలు ఏదైనా పడిందో లేదో చెప్పే దారి ఉండదు.

బోర్డు అమ్మేటప్పుడు "అన్ని ఇన్‌పుట్‌లూ ఆప్టో ఐసొలేటెడ్" అని చెప్పారట. చెప్పింది నిజమే, ఒక్కో ఇన్‌పుట్ దగ్గర పీసీ817 ఆప్టోకప్లర్ కూర్చునే ఉంది. దాని లోపల ఒకవైపు చిన్న ఎల్‌ఈడీ, ఎదురుగా ఫోటో ట్రాన్సిస్టర్. మధ్యలో రాగి లేదు, వెలుతురు మాత్రమే దాటుతుంది. డేటాషీట్ ప్రకారం ఆ రెండు వైపుల మధ్య 5000 వోల్టుల ఏసీ పెట్టినా తట్టుకుంటుంది. అంత కాగితం మీద ఉన్నాక ఇక నాయిస్ (సిగ్నల్‌లో దూరే అనవసరపు విద్యుత్ అలజడి) ఎక్కడినుంచి వస్తుందని షాపువాళ్ల ప్రశ్న.

వచ్చిన ఫిర్యాదు

మూడు ఫిర్యాదులు. టార్చ్ వెలిగే క్షణంలో అప్పుడప్పుడు లిమిట్ పడి ప్రోగ్రామ్ ఆగిపోతోంది, పదిసార్లు బాగా కోసి పదకొండోసారి ఆగుతుంది, ఒకరోజు అసలు రాదు, మర్నాడు ప్రతి ప్లేట్‌కీ వస్తుంది. రెండోది, ఈమధ్య టార్చ్ మొనలో ఉండే నాజిల్‌లు మరీ తొందరగా పోతున్నాయి. మూడోది వాళ్లు ఫిర్యాదుగా చెప్పలేదు, మాటల్లో నవ్వుతూ దొర్లింది: కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు ఒక్కోసారి టార్చ్ దానంతట అదే "టప్" మంటుందట, అందుకని ముందు కంప్యూటర్ ఆన్ చేసి తర్వాతే సోర్స్ ఆన్ చేస్తారట. నాకు మాత్రం అది విన్నాక మొదటి రెండూ చిన్నవిగా కనిపించాయి. టేబుల్ మీద ఎవరైనా ప్లేట్ సర్దుతున్నప్పుడు కంప్యూటర్ రీస్టార్ట్ అయితే?

అంతకుముందు వాళ్లు చేసినవి

షాపు ఎలక్ట్రీషియన్ చేతనైనవాడే. వైర్లకి ఫెరైట్‌లు (నాయిస్‌ని అడ్డుకునే ఉంగరాలు) తొడిగాడు, ఇన్‌పుట్‌ల దగ్గర 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్లు పెట్టాడు, ఫ్లోట్ సెన్సర్ కేబుల్‌ని షీల్డెడ్ కేబుల్‌తో మార్చి "గట్టిగా ఉండాలని" షీల్డ్‌ని రెండు చివరలా కలిపాడు, కొత్త ఎర్త్ పిట్ తవ్వించాడు. ఎర్త్ పిట్ వల్ల నష్టం లేదు, పాతది ఎండాకాలంలో నీళ్లు పోయక ఎండిపోయి ఉంది కాబట్టి మంచిదే అయింది. ఫిర్యాదు మాత్రం తగ్గలేదు.

చివరికి ఎవరో సలహా ఇస్తే మాక్3లో డీబౌన్స్, అంటే ఒక సిగ్నల్ ఎంతసేపు నిలిస్తే నమ్మాలో చెప్పే సెట్టింగ్, 2000కి పెంచారు. దాంతో లిమిట్ పడటం బాగా తగ్గింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నాజిల్‌లు పోవడం మొదలైంది కూడా సరిగ్గా అప్పటినుంచే, కానీ ఆ రెండింటికీ సంబంధం ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు.

లెక్క చూడండి. 25 కిలోహెర్ట్జ్ కర్నెల్ స్పీడ్‌లో (మాక్3 సెకనుకి 25 వేలసార్లు పోర్ట్ చూసే వేగం) డీబౌన్స్‌లో ఒక్కో అంకె 40 మైక్రోసెకన్లు. 2000 అంటే 80 మిల్లీసెకన్లు. టార్చ్ కిందికి దిగి ప్లేట్‌ని వెతికే వేగం నిమిషానికి 1000 మిల్లీమీటర్లు, అంటే సెకనుకి 16.7. ఫ్లోట్ సెన్సర్ నిజంగా తాకిన తర్వాత సాఫ్ట్‌వేర్ నమ్మేలోపు టార్చ్‌ని పైకీ కిందికీ జరిపే జెడ్ యాక్సిస్ ఇంకో 1.3 మిల్లీమీటర్లు కిందికి పోతుంది. టార్చ్ ఫ్లోటింగ్, అంటే తగిలితే హోల్డర్‌లో పైకి జరిగేది కాబట్టి మొన ప్లేట్ మీదే ఆగుతుంది, జెడ్ లెక్క మాత్రం ముందుకు జరిగిపోతుంది. అక్కడినుంచి 4 మిల్లీమీటర్లు పైకి లేచి పియర్స్ చెయ్యమంటే (కోతకి ముందు తొలి రంధ్రం పొడవమంటే) నిజానికి లేచేది 2.7 మాత్రమే. పది మిల్లీమీటర్ల ప్లేట్‌ని అంత దగ్గరనుంచి పియర్స్ చేస్తే కరిగిన ఇనుము ఎగిరి నేరుగా నాజిల్ మీదే పడుతుంది. తర్వాత టీహెచ్‌సీ ఎత్తు సరిచేస్తుంది కాబట్టి కోత బాగానే కనిపిస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నాయిస్‌ని సాఫ్ట్‌వేర్‌లో దాచితే దాని ఖర్చు నాజిల్‌ల బిల్లులో తేలింది.

ఎక్కడినుంచి వస్తోందో వెతకడం

ఏదీ మార్చకుండా ముందు నాయిస్ ఏ దారిన వస్తోందో తేల్చుకోవాలనుకున్నాను. పరీక్షల కోసం డీబౌన్స్‌ని తగ్గించి, తప్పు సులువుగా బయటపడేలా పెట్టాను.

వాళ్ల దగ్గర విన్నదాంట్లో ఒక మాట చాలా ఉపయోగపడింది: కోత మధ్యలో ఎప్పుడూ ఆగలేదు, వెలిగే క్షణంలోనే. హెచ్‌ఎఫ్ సోర్స్‌లో ఆర్క్ మొదలుపెట్టడానికి కొన్ని వేల వోల్టుల హై ఫ్రీక్వెన్సీ కాసేపు వస్తుంది, ఆర్క్ ప్లేట్‌కి బదిలీ అయ్యాక ఆగిపోతుంది. కాబట్టి అనుమానం మోటార్ల మీద కాదు, కటింగ్ కరెంట్ మీదా కాదు, ఆ మొదటి క్షణం మీద.

సోర్స్ ఆఫ్ చేసి ఖాళీగా తిప్పితే శుభ్రంగా తిరిగింది. సోర్స్ దగ్గర స్టార్ట్ వైర్లు (టార్చ్ వెలిగించమని చెప్పేవి) విప్పేసి, ప్యానెల్‌లో రిలే మాత్రం కొట్టుకునేలా ప్రోగ్రామ్ నడిపాను, అప్పుడూ శుభ్రమే. అంటే రిలే కాయిల్ ఆఫ్ అయ్యేటప్పుడు వదిలే వోల్టేజీ కిక్ కాదు. తర్వాత స్టార్ట్ వైర్లు విప్పి ఉండగానే సోర్స్‌ని దాని దగ్గరే చేత్తో ట్రిగర్ చేయించాను, తుక్కు ప్లేట్ మీద, అందరూ దూరంగా నిలబడి. లిమిట్ పడింది. సరే, స్టార్ట్ వైర్ల జత ఒక్కటే కారణం కాదు.

నాలుగో పరీక్షే అసలైనది. ఐదు ఇన్‌పుట్ వైర్లూ బోర్డు నుంచి పూర్తిగా పీకేసి, లిమిట్ ఇన్‌పుట్‌ని బోర్డు మీదే అంగుళం వైర్ ముక్కతో మూసేశాను. ఇప్పుడు బోర్డుకి బయటి స్విచ్ ఒక్కటీ లేదు. టార్చ్ వెలిగిస్తే, మళ్లీ లిమిట్ పడింది.

అక్కడితో అప్పటిదాకా చేసిన ఫెరైట్‌లు, కెపాసిటర్లు, షీల్డెడ్ కేబుల్ ఎందుకు పనిచెయ్యలేదో తెలిసిపోయింది. అవన్నీ ఇన్‌పుట్ వైర్లకి చేసిన వైద్యం. నాయిస్ ఆ వైర్ల గుండా రావడం లేదు, బోర్డుకి పవరూ గ్రౌండూ వచ్చే దారిలో వస్తోంది.

మీటర్ చెప్పింది

కంప్యూటర్‌కి మూడు పిన్‌ల ప్లగ్ ఉంటుంది, దాని గ్రౌండ్ ఆ ప్లగ్ గుండా ఎర్త్‌కి కలిసే ఉంటుంది. అందుకని ప్యారలల్ కేబుల్ ఊడదీసి, ప్యానెల్ మెయిన్స్ ఆపి, అప్పుడు కొలిచాను. లేకపోతే మీటర్ ఆ ఎర్త్ దారినే చూపిస్తుంది, మనం ఇంకేదో అనుకుంటాం. బోర్డు లాజిక్ గ్రౌండ్‌కీ (కంప్యూటర్ వైపుది), సెన్సర్లకి వెళ్లే 24 వోల్టుల సప్లై మైనస్ బార్‌కీ మధ్య మీటర్ 0.2 ఓమ్ చూపించింది. ఐసొలేషన్ ఉన్న ప్యానెల్‌లో అది ఓపెన్, అంటే మధ్యలో దారే లేదని చూపించాలి. 5000 వోల్టుల ఆప్టో పక్కనే రాగి వంతెన కట్టి ఉంది.

మైనస్ బార్ నుంచి బోర్డు గ్రౌండ్‌కి ఒక ఆకుపచ్చ వైర్ కనిపిస్తూనే ఉంది. దాన్ని చూపిస్తే ఎలక్ట్రీషియన్ వెంటనే అన్నాడు, "అది తీసి చూసినం అన్నా, ఏం ఫరక్ పడలే, మళ్ల పెట్టేసినం."

నిజమే చెప్పాడు. అది తీసినా మీటర్ ఇంకా 0.2 దగ్గరే ఉంది. ఎందుకంటే రెండో దారి ఉంది: బోర్డుకి 5 వోల్టులు ఇస్తున్నది 24 నుంచి దించే ఎల్‌ఎం2596 మాడ్యూల్. అది ఐసొలేటెడ్ కాదు, దాని ఇన్‌పుట్ మైనస్, అవుట్‌పుట్ మైనస్ రెండూ ఒకటే రాగి. దాన్నీ విప్పాను. ఇప్పుడు మీటర్ ఒక ఓమ్ దగ్గరికి పెరిగింది కానీ ఓపెన్ కాలేదు. మూడోది ఆ ఫ్లోట్ సెన్సర్ షీల్డ్. ప్యానెల్ చివర బోర్డు గ్రౌండ్‌కి, రెండో చివర గ్యాంట్రీ ఫ్రేమ్‌కి. ఫ్రేమ్ నుంచి ఎర్త్ బార్‌కి, అక్కడినుంచి 24 మైనస్‌కి. నాయిస్ తగ్గాలని వేసిన షీల్డే హెచ్‌ఎఫ్ ప్రవహించే ఫ్రేమ్‌ని తీసుకెళ్లి బోర్డుకి కట్టేసింది. అది కూడా తీశాకే మీటర్ ఓపెన్ చూపించింది.

ఈ కేసు రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. చెరువు కట్టకి మూడు గండ్లు పడితే ఒకటి పూడ్చి నీళ్లు ఆగలేదని దాన్ని మళ్లీ తవ్వేసినట్టు, ఇక్కడ ఒక్కో వైర్ తీసి, తేడా లేదని తిరిగి పెట్టేశారు. ఒకసారికి ఒకటే మార్చాలన్నది మంచి అలవాటే, చాలా చోట్ల పనిచేస్తుంది. కానీ దారులు ప్యారలల్‌గా ఉన్నప్పుడు ఆ పద్ధతి తప్పు జవాబే ఇస్తుంది, పైగా ఎంతో నమ్మకంగా ఇస్తుంది. ఇలాంటి చోట అన్నీ ఒకేసారి తీసేసి, మీటర్ ఓపెన్ చూపించాకే, ఒక్కొక్కటిగా లోపలికి రానివ్వాలి, ప్రతిసారీ మీటర్‌ని అడుగుతూ.

విడదీశాక ఏదీ పనిచెయ్యలేదు

బోర్డుకి మెయిన్స్ నుంచి విడిగా ఒక చిన్న 5 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (ఐసొలేషన్ ఉన్న పవర్ సప్లై) పెట్టాను. కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి తీసుకున్నా ఐసొలేషన్ లెక్కలో తప్పు కాదు, ఎందుకంటే బోర్డు లాజిక్ వైపు ఎలాగూ కంప్యూటర్ మనిషే. కానీ ఊడిపోయే యూఎస్‌బీ ప్లగ్ మీద షాపుని నడపడం నాకు ఇష్టం లేదు, మొదట్లో దాన్ని తీసేసి ఆ ఎల్‌ఎం2596 మాడ్యూల్ పెట్టింది కూడా ఆ బాధ పడలేకే. ఒక వాట్ ఐసొలేటెడ్ డీసీ-డీసీ మాడ్యూల్ బీ0505ఎస్ కూడా ఆలోచించాను, 200 మిల్లీయాంప్‌లు ఈ బోర్డు రిలేతో కలిపి సరిపోవని వదిలేశాను.

ఆన్ చేస్తే ఒక్క ఇన్‌పుట్ కూడా పలకలేదు. సెన్సర్ మీద లైట్ వెలుగుతోంది, స్క్రీన్ మీద ఏమీ లేదు. ఆ ఆకుపచ్చ వైర్ మొదట ఎందుకు వచ్చిందో అప్పుడు అర్థమైంది.

ఈ బోర్డులో ఆప్టోల ఎల్‌ఈడీలన్నిటి ప్లస్ ఒక కామన్ టెర్మినల్‌కి వస్తుంది. దాన్ని ఒక జంపర్‌తో బోర్డు సొంత 5 వోల్టులకి కలిపి అమ్ముతున్నారు, విడిగా సప్లై లేనివాళ్లకి సులువుగా ఉంటుందని. కరెంట్ 5 ప్లస్‌లో బయల్దేరి ఎల్‌ఈడీ దాటి సెన్సర్ నల్ల వైర్‌లోకి వెళ్లి, ఎన్‌పీఎన్ సెన్సర్ (పలికినప్పుడు తన అవుట్‌పుట్‌ని మైనస్‌కి కలిపేది) కాబట్టి నీలం వైర్ గుండా 24 మైనస్‌కి చేరుతుంది. అక్కడినుంచి 5 వోల్టుల మైనస్‌కి తిరిగి రావాలంటే రెండు మైనస్‌లూ కలవాలి, లేకపోతే సర్క్యూట్ పూర్తికాదు. మొదట వైరింగ్ చేసినవాళ్లకి ఇన్‌పుట్ పలకలేదు, రెండు మైనస్‌లు కలపగానే పలికింది, పని అయిపోయింది. చాలా ప్యానెల్స్‌లో ఆ వైర్ పుట్టే కథ ఇదే.

సరైన పద్ధతి జంపర్ తీసేసి, కామన్‌కి 24 ప్లస్ ఇవ్వడం. కానీ నేరుగా ఇవ్వకూడదు. బోర్డు మీద ఎల్‌ఈడీకి సిరీస్‌లో ఉన్నది 470 ఓమ్, అది 5 వోల్టుల కోసం పెట్టింది. ఎల్‌ఈడీ మీద 1.2 వోల్టులు పోను 24 వోల్టులకి కరెంట్ 48 మిల్లీయాంప్‌లు దాటుతుంది. పీసీ817 గరిష్ఠ పరిమితి 50. ఆప్టో ఏదో బతికినా ఆ బుజ్జి రెసిస్టర్ మీద వాట్‌కి పైగా వేడి పడి నల్లబడిపోతుంది. అందుకని ఒక్కో ఇన్‌పుట్ లైన్‌లో బయట 1.8 కిలో ఓమ్, అర వాట్ రెసిస్టర్ వేశాను. మొత్తం 2270 ఓమ్‌లు, 10 మిల్లీయాంప్‌లు.

ఫ్లోట్ సెన్సర్‌కి ఇంకొకటి కూడా చేశాను. ఆ కేబుల్ టార్చ్ లీడ్‌కి దగ్గరగా వెళ్లక తప్పదు, కాబట్టి కామన్‌కీ ఆ ఇన్‌పుట్‌కీ అడ్డంగా 1 కిలో ఓమ్ పెట్టాను. పక్క వైర్ నుంచి ఎక్కే చిన్న కరెంట్లు ఎల్‌ఈడీని మేలుకొలపకుండా ఆ రెసిస్టర్‌లో పోతాయి, వోల్టేజీ 1.2 దాటితే గానీ ఎల్‌ఈడీ అసలు కదలదు. నిజమైన సిగ్నల్ వచ్చినప్పుడు ఎల్‌ఈడీలో 6.6 మిల్లీయాంప్‌లు పారుతుంది, అది చాలు. ఎల్‌ఈడీ రివర్స్‌లో 6 వోల్టులే తట్టుకుంటుంది కాబట్టి ఒక చిన్న 1ఎన్4148 డయోడ్ తిరగేసి పక్కన పెట్టాను.

ఇక్కడ ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, షాపులోనూ వచ్చింది: 24 మైనస్ ఎర్త్‌కి కలిసి ఉంది, కంప్యూటర్ కూడా తన ప్లగ్ గుండా ఎర్త్‌కి కలిసి ఉంది, అంటే రెండూ ఎర్త్‌లో కలిసినట్టే కదా, మరి మనం విడదీసింది ఏమిటి? హెచ్‌ఎఫ్ కొట్టే క్షణంలో టేబుల్ దగ్గర ఎర్త్, కంప్యూటర్ దగ్గర ఎర్త్ ఒకే వోల్టేజీలో ఉండవు. ప్యానెల్ లోపల రాగితో కలిపితే ఆ తేడా కరెంట్‌గా మారి బోర్డు గ్రౌండ్ గుండా, ప్యారలల్ కేబుల్ గుండా కంప్యూటర్‌లోకి పారుతుంది. విడదీస్తే ఆ తేడా ఆప్టో మధ్య ఖాళీ మీద వోల్టేజీగా నిలబడిపోతుంది. ఆప్టో ఉన్నది సరిగ్గా ఆ పనికే.

మరి 24 మైనస్‌ని ఎర్త్‌కి కలపకుండా తేలుతూ వదిలేస్తే ఇంకా మంచిది కాదా అంటే, నేను వదలను. తేలుతూ ఉంటే గ్యాంట్రీతో కదిలే కేబుల్ చైన్‌లో ఎక్కడో ఒక వైర్ ఒరుసుకుని ఫ్రేమ్‌కి తగిలినా ఏమీ తెలియదు. అలా రెండోది కూడా తగిలిన రోజున ఒక స్విచ్ మొత్తం బైపాస్ అయిపోవచ్చు. ఎర్త్ బార్ దగ్గర ఒకే చోట, స్క్రూ విప్పితే ఊడే లింక్‌తో కలిపాను, కొలవాలనుకున్నప్పుడు తీసి కొలుచుకోవచ్చు.

కాకపోతే దీనికీ ఒక ఖర్చుంది. ఈ బోర్డులో కామన్ ప్లస్ వైపే ఉంది కాబట్టి స్విచ్‌లు మైనస్ వైపుకి వస్తాయి. లిమిట్ వైర్ ఫ్రేమ్‌కి తగిలితే బోర్డుకి అది "స్విచ్ మూసే ఉంది, అంతా బాగుంది" లాగే కనిపిస్తుంది. లిమిట్‌లకి ఆ రిస్క్ ఒప్పుకున్నాను, ఎమర్జెన్సీ స్టాప్‌కి ఒప్పుకోలేదు. దాన్ని ఆ గొలుసులోంచి బయటికి తీసి, ప్లస్ వైపు ఫ్యూజ్ తర్వాత స్టాప్ బటన్, రీసెట్ బటన్, తనని తాను పట్టుకునే రిలేతో విడిగా కట్టాను. ఆ రిలే కాంటాక్ట్ ఒకటి పాత గొలుసులోకి వెళ్లి మాక్3కి సమాచారం మాత్రం ఇస్తుంది. ఆపే పని రాగి చేస్తుంది, సాఫ్ట్‌వేర్ కాదు.

అవుట్‌పుట్ వైపు

టార్చ్ స్టార్ట్ బోర్డు మీది రిలే నుంచే నేరుగా సోర్స్‌కి వెళ్తోంది. రిలే కాంటాక్ట్ డ్రై కాంటాక్టే, అంటే తన వోల్టేజీ ఏమీ ఇవ్వని ఉత్త స్విచ్చే, అందులో తప్పు లేదు. కానీ సోర్స్ నుంచి వచ్చే ఆ జత టార్చ్ లీడ్ పక్కనే పరుగెత్తి వచ్చి, లాజిక్ ట్రేస్‌ల (బోర్డు మీది రాగి గీతల) నుంచి కొన్ని మిల్లీమీటర్ల దూరంలో బోర్డు మీద దిగుతోంది. హెచ్‌ఎఫ్‌కి అంత దూరం గోడ కాదు, కెపాసిటర్. అందుకని బోర్డు రిలే చేత 24 వోల్టుల కాయిల్ ఉన్న రెండో రిలేని మాత్రం నడిపించి, ఆ రెండో రిలేని సోర్స్ వెనక చిన్న డబ్బాలో పెట్టాను. ఇప్పుడు సోర్స్ స్టార్ట్ టెర్మినల్స్ నుంచి వచ్చే వైర్ జానెడు. కాయిల్ మీద 1ఎన్4007 డయోడ్.

ఆ రెండో రిలే ఎంపికలో ఒక మెలిక ఉంది. చేతికి దొరికిన 10 యాంప్ పవర్ రిలే పెడితే మొదట్లో పనిచేసి కొన్ని నెలలకి మొరాయిస్తుంది. స్టార్ట్ టెర్మినల్స్‌లో పారేది కొన్ని మిల్లీయాంప్‌లే, పెద్ద కాంటాక్ట్ మీద పేరుకునే పొరని తగలబెట్టి శుభ్రం చేసుకునేంత కరెంట్ అది కాదు. ఇలాంటి చోట చిన్న సిగ్నల్ రిలేనే కావాలి. ఎక్కువ యాంప్‌లు అంటే ఎక్కువ మంచిది అన్న లెక్క ఇక్కడ తిరగబడుతుంది.

ఇక కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు టార్చ్ "టప్" మనడం. బూట్ అవుతున్నప్పుడు ప్యారలల్ పోర్ట్ పిన్‌లు ఇష్టమొచ్చినట్టు పైకీ కిందికీ వెళ్తాయి, రిలే కొట్టుకుంటుంది, సోర్స్ ఆన్‌లో ఉంటే టార్చ్ వెలుగుతుంది. మాక్3లో చార్జ్ పంప్ అని ఒక సౌకర్యం ఉంది, సాఫ్ట్‌వేర్ నడుస్తున్నంతసేపూ ఒక పిన్ మీద 12.5 కిలోహెర్ట్జ్ పంపుతుంది, ఆ చప్పుడు వినిపిస్తేనే బోర్డు అవుట్‌పుట్‌లు తెరుచుకుంటాయి. ఈ బోర్డులో దాన్ని వినే సర్క్యూట్ లేదు. అందుకని స్టార్ట్ రిలే కాయిల్‌కి వెళ్లే 24 ప్లస్‌ని ఎమర్జెన్సీ రిలే కాంటాక్ట్ గుండా పంపాను. పవర్ వచ్చాక రీసెట్ నొక్కితే తప్ప ఆ కాయిల్‌కి కరెంట్ లేదు, మాక్3 తెరిచాకే రీసెట్ నొక్కాలి. సెన్సర్‌ల 24ని మాత్రం ఆ కాంటాక్ట్‌కి ముందునుంచే తీసుకున్నాను, స్టాప్ నొక్కినా సెన్సర్‌లు బతికే ఉంటాయి. సోర్స్ ఆన్ చేసి, టార్చ్ కింద ఎవరూ లేకుండా చూసుకుని, కంప్యూటర్‌ని పదేపదే రీస్టార్ట్ చేసి చూశాం. రెండో రిలే ఒక్కసారి కూడా కదల్లేదు.

టీహెచ్‌సీ వైపు ఒక్కటే చేశాను. ఆర్క్ వోల్టేజీ ముడిగా, అంటే ఆర్క్ పడకముందు 300 వోల్టుల దాకా, ఫ్లోట్ సెన్సర్ కేబుల్‌తో కలిసి చైన్‌లో వస్తోంది. టీహెచ్‌సీకి 50:1 ఇన్‌పుట్ కూడా ఉండటంతో డివైడర్‌ని (వోల్టేజీని యాభయ్యో వంతుకి తగ్గించే రెసిస్టర్ల జతని) సోర్స్ దగ్గరి డబ్బాలోకే మార్చాను. 120 వోల్టుల ఆర్క్ ఇప్పుడు 2.4 వోల్టులుగా ప్రయాణిస్తుంది. పైన ఉండే రెసిస్టర్‌ని ఒకటిగా కాకుండా కొన్నిటిని సిరీస్‌లో వేశాను, మామూలు పావు వాట్ రెసిస్టర్ ఒక్కటి 250 వోల్టులకి మించి భరించదు.

తర్వాత

షీల్డ్‌ని ప్యానెల్ ఎర్త్ బార్‌కి మాత్రమే కలిపి, గ్యాంట్రీ చివర కత్తిరించి స్లీవ్ తొడిగాం. టార్చ్ లీడ్‌ని సిగ్నల్ కేబుల్స్ నుంచి దూరంగా జరిపాం, దాటాల్సిన చోట అడ్డంగా దాటించాం. ఎర్త్ క్లాంప్ అప్పటిదాకా ఏదో ఒక ప్లేట్ అంచుకి పట్టించేవారు, దాన్ని టేబుల్ ఫ్రేమ్‌కి బోల్ట్ చేశాం. అన్నీ బిగించాక, ఆ ఎర్త్ లింక్ తీసి మళ్లీ కొలిస్తే బోర్డు గ్రౌండ్‌కీ మైనస్ బార్‌కీ మధ్య ఓపెన్. కరెంట్ ఉండగా కొలిస్తే మీటర్ కొన్ని పదుల ఏసీ వోల్టులు చూపించింది, ఎలక్ట్రీషియన్‌కి టెన్షన్ వచ్చింది. అది ఎస్‌ఎంపీఎస్‌ల లోపలి చిన్న కెపాసిటర్ల గుండా వచ్చే దయ్యపు వోల్టేజీ. లోడ్‌గా ఒక రెసిస్టర్ పెట్టగానే మాయమైంది.

డీబౌన్స్ 2000 నుంచి 100కి దించాను, అంటే 4 మిల్లీసెకన్లు, ప్లేట్ వెతకడంలో తేడా 0.07 మిల్లీమీటర్. పియర్స్ ఎత్తు గేజ్ పెట్టి చూస్తే 4కి 4 వచ్చింది. నాజిల్‌లు మళ్లీ పాత లెక్కలోకి వచ్చాయని తర్వాత చెప్పారు. లిమిట్ ఫిర్యాదు రాలేదు.

ఆర్క్ ఓకే మాత్రం పెయింట్ వేసిన పాత ప్లేట్‌ల మీద అప్పుడప్పుడు ఆలస్యంగా వస్తోంది. అది వైరింగ్ సంగతి కాదు, టేబుల్‌కీ ప్లేట్‌కీ మధ్య పెయింట్ సంగతి, ప్లేట్ టేబుల్‌కి ఆనేచోట గ్రైండర్ తిప్పమన్నాను. ఆ డెస్క్‌టాప్ ఎంతకాలం ఉంటుందో మాత్రం హామీ లేదు, ప్యారలల్ పోర్ట్ ఉన్న మదర్‌బోర్డు ఇంకొకటి దొరకడం కష్టం. అది పోయిన రోజున ఈథర్‌నెట్ కంట్రోలర్ పెట్టుకోమన్నాను. అలాంటివాటి ఇన్‌పుట్‌లు మామూలుగా 24 వోల్టులకే ఉంటాయి కాబట్టి ఈ 1.8 కిలో ఓమ్‌లూ, ఫ్లోట్ సెన్సర్ ఇన్‌పుట్ దగ్గరి 1 కిలో ఓమూ తీసేస్తే చాలు. కాకపోతే కొనేముందు ఇన్‌పుట్‌లకి ఎన్‌పీఎన్ పనికొస్తుందా, కామన్ ఏ వైపు ఉంది, ఈ రెండూ చూసుకోమని ప్యానెల్ తలుపు లోపల అతికించిన డ్రాయింగ్ కిందే రాసిపెట్టాను.